వసంతపు నీళ్లలో ట్రౌట్ ఎక్కడుంది?

పెద్ద, లోతైన కొండ సరస్సుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే మాట ఒకటే: ఎంత లోతులో దొరికింది? వేసవిలో ఆ ప్రశ్నకి అర్థముంది. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా మాత్రం అది వేటగాణ్ణి తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఆ నెలల్లో అడగవలసింది చేప ఏం తింటోందని. ఆ తిండి సరస్సులోకి ఎలా వచ్చిందో తెలియకపోతే ఆ ప్రశ్నకీ సరైన జవాబు దొరకదు.

ఇందుకు ప్రధాన ఉదాహరణగా కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద, సియెర్రా నెవాడా కొండల్లో ఉన్న టాహో సరస్సును తీసుకుంటున్నాను. బే ఏరియా తెలుగువాళ్లకి అది పిల్లలకి మంచు చూపించడానికి వెళ్లే చోటు. ఉగాది వెళ్లిపోయాక కూడా ఒడ్డున మంచు కుప్పలుంటాయి. సరస్సు సముద్రమట్టానికి 1,897 మీటర్ల ఎత్తున ఉంది. పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. అత్యధిక లోతు 501 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు కదా, అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైదాని కొన నీళ్లలోనే ఉంటుంది. 63 ఏర్లు ఇందులోకి దిగుతాయి. బయటికి పోయేది ఒక్క ట్రకీ నది. అది నెవాడా ఎడారిలోని పిరమిడ్ సరస్సులో కలిసి అక్కడితో ఆగిపోతుంది, సముద్రం చేరదు.

ట్రోలింగ్ అంటే పడవను మెల్లగా నడుపుతూ వెనక గాలానికి కట్టిన ఎరను లాగడం. విశాఖ రేవులో చూసే ట్రాలర్లు లాగేది వలను. ఇక్కడ ఒక్కో గాలానికి ఒక్కో చేప. ఇంత పెద్ద నీటిలో ఒకచోట కూర్చుని ఎదురుచూస్తే చేప మన దగ్గరికి రాదు కాబట్టి మనమే దాన్ని వెతుక్కుంటూ తిరగాలి.

వసంతంలో నీరు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. చలికాలంలో టాహో ఉపరితలం చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, గాలులు దాన్ని ఇంకా కలుపుతాయి. ఇంత లోతున్న సరస్సు చలికాలంలోనూ గడ్డకట్టదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ కలయిక ఎంత లోతుకి పోతుందనేది ఏడాదిని బట్టి మారుతుంది. అడుగుదాకా పూర్తిగా కలిసేది కొన్నేళ్లకొకసారి. కలిశాక పైనుంచి కింద దాకా నీరు దాదాపు 5, 6 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వేసవిలో పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిపోయి మధ్యలో ఒక గీత ఏర్పడుతుంది. తనకి సరిపడే చల్లదనం కోసం చేప ఆ గీత దగ్గరికో దాని కిందికో పోతుంది. అందుకే ఆగస్టులో ‘ఎంత లోతు’ అనే ప్రశ్నకి ఒక అంకె చెప్పొచ్చు. ఏప్రిల్‌లో ఆ గీతే లేదు. మాకినా అని పిలిచే లేక్ ట్రౌట్ 10 డిగ్రీల నీటిని ఇష్టపడుతుంది. రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్లకి అంతకంటే కొంచెం వెచ్చటి నీరు కావాలి. ఏప్రిల్ సరస్సులో ఎక్కడ వెతికినా అంత వెచ్చదనం ఉండదు. కాబట్టి చేపకి ఏ లోతూ నిషిద్ధం కాదు. రెండు మీటర్ల నీటిలోనూ ఉండొచ్చు, అరవై మీటర్ల కిందా ఉండొచ్చు.

ఆ స్వేచ్ఛ వల్లే వసంతపు వేటగాళ్లలో రెండు పక్షాలు పుట్టాయి. రెండిటిలోనూ నిజముంది గాని రెండూ సగం నిజాలే.

మొదటిది పైనీటి పక్షం. తెల్లవారకముందే బయల్దేరి, రాళ్ల ఒడ్డు వెంట, బరువు కట్టని దారంతో, చిన్న చేపలా కనిపించే ఎరను దూరంగా వదిలి లాగేవాళ్లు. వీళ్ల వాదనకి బలమైన ఆధారముంది. వసంతంలో మొదట వెచ్చబడేది ఒడ్డు నీరే. ఎండ తగిలే తీరం, నల్లరాయి పరిచిన అడుగు, గాలి పైనీటిని నెట్టుకొచ్చి పేర్చిన వైపు, ఈ చోట్ల ఒకటి రెండు డిగ్రీల తేడా వస్తుంది. అంతటా చల్లగా ఉన్న నీటిలో ఆ తేడా చేపకి చాలా పెద్దది. టాహో సొంత చిన్న చేప లాహోంటన్ రెడ్‌సైడ్ వసంతం చివర గుడ్లు పెట్టడానికి గులకరాళ్ల ఒడ్డుకి వస్తుంది. సిగ్నల్ క్రేఫిష్ అనే రొయ్యజాతి జీవి రాళ్ల సందుల్లోంచి బయటపడుతుంది. రెయిన్‌బోలు గుడ్లు పెట్టే కాలం కూడా ఇదే. మంచు కరిగి ఏర్లు పొంగుతుంటే అవి ఆ నీటి వాసన పట్టుకుని ఏటి ముఖాల దగ్గర గుమిగూడతాయి. ఏటి ముఖాల దగ్గర వేటకి విడిగా నిబంధనలున్నాయి, వెళ్లేముందు చదువుకోవాలి. గుడ్లతో ఉన్న చేపని ఏటి నోటి దగ్గర కాచుకుని పట్టడం నిబంధన ఒప్పుకున్నా నాకు నచ్చదు.

పైనీటి వేటకి అడ్డు సరస్సు తేటదనమే. ఇటీవలి ఏళ్లలో టాహో నీటిలోకి వదిలిన తెల్లటి పళ్లెం సగటున 20 మీటర్ల దాకా కనిపిస్తోంది. 1968లో కొలతలు మొదలైనప్పుడు 31 మీటర్ల దాకా కనిపించేది. ఇంత తేట నీటిలో పడవ నీడ, ఇంజను చప్పుడు, లావాటి దారం, అన్నీ చేపకి తెలిసిపోతాయి. అందుకే ఎరని 40, 50 మీటర్ల వెనక లాగుతారు, చివర సన్నటి ఫ్లోరోకార్బన్ దారం కడతారు. ప్లేనర్ బోర్డు అని ఒక చిన్న పలక ఉంటుంది. పడవ నడుస్తుంటే అది నీటి ఒత్తిడితో పక్కకి జరిగి దారాన్ని ఇరవై, ముప్పై మీటర్ల దూరం తీసుకుపోతుంది. పడవని లోతు నీటిలోనే ఉంచి ఎరని మాత్రం ఒడ్డు రాళ్ల మీదుగా పోనివ్వొచ్చు. వసంతానికి ఇంతకంటే పనికొచ్చే సాధనం లేదంటాను. సూర్యుడు పైకొచ్చిన గంటకల్లా ఈ వేట పల్చబడుతుంది. లేక్ ట్రౌట్ కంటితో చూసి వేటాడే చేప. మసక వెలుతురులో దానికి వేట సులువు, వెలుగు పెరిగాక లోతుకి జారుకుంటుంది.

రెండోది లోతు పక్షం. వీళ్లు నమ్మేది డౌన్‌రిగ్గర్‌ని. ఉక్కు తీగ చివర నాలుగైదు కిలోల సీసపు గుండు కట్టి దించుతారు. గాలం దారాన్ని గుండు దగ్గర ఒక క్లిప్పుకి తగిలిస్తారు. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది, ఆ తర్వాత బరువేమీ లేకుండా చేపతో నేరుగా పోరాటమే. టాహోలో ఒడ్డు కొన్నిచోట్ల కొంత దూరం బల్లపరుపుగా సాగి, తర్వాత ఒక్కసారిగా పాతాళానికి దిగుతుంది. ఆ అంచు వెంట ముప్పై నుంచి అరవై మీటర్ల లోతులో, అడుక్కి ఒకటి రెండు మీటర్ల పైన ఎర నడిస్తే మాకినా తగులుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పడవ కదులుతుంటే తీగ నిలువుగా ఉండదు, వెనక్కి వాలుతుంది. మీటరు 50 చూపిస్తున్నప్పుడు గుండు అంత కిందికి దిగి ఉండదు. వేగం పెంచితే వాలు ఇంకా పెరుగుతుంది. లోతు అంకెని మరీ నమ్ముకున్నవాళ్లు చాలామంది ఈ వాలుని లెక్కలోకి తీసుకోరు.

ఈ రెండిటికీ మధ్యలో లెడ్ కోర్ దారముంది. అల్లిన తొడుగు లోపల సన్నటి సీసం తీగ. ప్రతి పది గజాలకి రంగు మారుతుంది. నెమ్మది వేగంలో ఒక్కో రంగుకి సుమారు ఐదడుగులు దిగుతుంది. పాత పద్ధతే గాని చేప ఆరు నుంచి పది మీటర్ల మధ్య తిరిగే మే నెలకి చక్కగా సరిపోతుంది.

వేగం గురించి చెప్పకుండా ఈ రెండు పక్షాలనీ తూచలేం. చల్లటి నీటిలో చేప ఒంట్లో జీవక్రియ మందగిస్తుంది, ఎంతో దూరం తరమదు. మాకినాకి గంటకి రెండు, మూడు కిలోమీటర్లు చాలు. రెయిన్‌బోకి మూడు నుంచి ఐదు దాకా పోవచ్చు. ఈ అంకెలకన్నా మలుపులు ఎక్కువ నేర్పుతాయి. పడవ పాములా వంకర్లు తిరుగుతూ పోతే లోపలి వైపు దారం నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటి వైపుది వేగం పుంజుకుని పైకి లేస్తుంది. చేప ఏ వైపు దారానికి పడిందో చూస్తే ఆ పూట దానికి ఏ వేగం, ఏ ఎత్తు కావాలో తెలిసిపోతుంది. తిన్నగా పోయే పడవ ఒక్క ప్రశ్నే అడుగుతుంది, వంకర పోయేది రెండు అడుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఖరీదైన సోనార్ కొనేముందు ఈ మలుపులు నేర్చుకోవాలని నా గట్టి సలహా.

ఇక అసలు విషయానికొస్తాను. లోతు, వేగం కుదిరినా ఎర నీటిలో ఉన్న తిండిని పోలకపోతే చేప పట్టించుకోదు. టాహోలో ఈ రోజున్న తిండి చాలావరకు మనిషి అమర్చినదే.

ఈ సరస్సు సొంత ట్రౌట్ లాహోంటన్ కట్‌త్రోట్. ఇక్కడి ఆదివాసులైన వాషో ప్రజలు తరతరాలుగా వసంతంలో అది ఏర్లలోకి ఎక్కివచ్చే వేళ పట్టుకుని తినేవాళ్లు, ఎండబెట్టి దాచుకునేవాళ్లు. 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడ్డాక అడవులు నరికారు, ఏర్లు మట్టితో పూడాయి, చేపల్ని వ్యాపారం కోసం బండ్లకొద్దీ పట్టారు. ఆ వ్యాపార వేటని 1917లో నిషేధించారు, కాని అప్పటికే నష్టం చాలా దూరం పోయింది. ట్రకీ నది మీద 1905లో కట్టిన డెర్బీ ఆనకట్ట దిగువన పిరమిడ్ సరస్సు చేపలకి దారి మూసింది. ఆ పిరమిడ్ సరస్సులోనే 1925లో 41 పౌండ్ల కట్‌త్రోట్ పడింది. ఆ జాతిలో ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. 1940లు వచ్చేసరికి రెండు సరస్సుల్లోనూ సొంత చేప అంతరించింది. ఈలోగా టాహోలో మాకినాని తెచ్చి వదిలారు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన ఆ చేప కట్‌త్రోట్ పిల్లల్ని తిని, తన రోగాలు దానికి అంటించి, ఖాళీ అయిన సింహాసనం ఎక్కింది. 1944లో కోకనీ చేరింది, ఇది సాల్మన్ జాతి చేప. కాలిఫోర్నియా రికార్డు మాకినా, 37 పౌండ్ల 6 ఔన్సులది, 1974లో టాహోలోనే దొరికింది.

వీటన్నిటికీ తిండి పెంచాలని 1963 నుంచి 1965 వరకు మైసిస్ అనే చిన్న రొయ్యని వదిలారు. ఈ ఆలోచనకి మూలం బ్రిటిష్ కొలంబియాలోని కూట్నీ సరస్సు. అక్కడ 1949లో మైసిస్ వదిలితే పడమటి పాయలో కోకనీ బాగా బలిసింది. దాన్ని చూసి ఉత్తర అమెరికాలో ఎన్నో సరస్సుల్లో అదే పని చేశారు. కాని ఆ పాయ ప్రత్యేకమైనది. ప్రధాన సరస్సు నీరు లోతు తక్కువైన గట్టు మీదుగా ఆ పాయలోకి పారుతూ అడుగునున్న మైసిస్‌ని పైకి, వెలుతురులోకి తెస్తుంది. మిగతా సరస్సుల్లో అలా జరగదు. మైసిస్ పగలు వెలుగు అందని లోతులో ఉండి, రాత్రి పైకొచ్చి డాఫ్నియా లాంటి నీటి పురుగుల్ని మేస్తుంది. పగలు కళ్లతో చూసి తినే కోకనీకి అది దొరకదు, పైగా కోకనీ తినే డాఫ్నియాని అదే తినేస్తుంది. టాహోలో 1970ల మొదటికల్లా డాఫ్నియా దాదాపు మాయమైంది, కోకనీ తగ్గిపోయింది. లోతులో తిరిగే పిల్ల మాకినాలకి మాత్రం మైసిస్ పండగ భోజనమైంది.

మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ సరస్సులో జరిగింది మరీ బాధాకరం. పై సరస్సుల్లో వదిలిన మైసిస్ 1981లో ఫ్లాట్‌హెడ్‌లో కనిపించింది. 1985లో గుడ్లు పెట్టడానికి మెక్‌డొనాల్డ్ ఏటికి లక్షకు పైగా కోకనీలు వచ్చాయి. 1989లో వచ్చినవి పదుల్లోనే. ఆ చేపల కోసం ప్రతి శరదృతువులో వందలుగా వచ్చే బట్టతల గద్దలూ రావడం మానేశాయి. లేక్ ట్రౌట్ మాత్రం విపరీతంగా పెరిగి, సొంత జాతి బుల్ ట్రౌట్‌ని అణిచేసింది.

ఇంకో సరస్సు ఐడాహోలోని పెండ్ ఓరే, లోతు 350 మీటర్లు. 1940ల మొదట్లో కూట్నీ నుంచి గెరార్డ్ జాతి రెయిన్‌బోని తెచ్చి ఇందులో వదిలితే, కోకనీని తిని 1947లో ఒకటి 37 పౌండ్లకి పెరిగింది. ఇక్కడ వసంతపు ట్రోలింగ్ టాహోకి పూర్తిగా భిన్నం. లోతులతో పని లేదు. పైనీటిలో, పొడవాటి వెంట్రుకల ఎరలతో, గంటకి ఐదు కిలోమీటర్ల దాకా వేగంగా లాగుతారు. ఎందుకంటే కోకనీ నడినీటిలో మందలుగా తిరుగుతుంది, గెరార్డ్ రెయిన్‌బో దాన్ని తరిమి పట్టుకుంటుంది. చలి అదే, కాలం అదే. తిండి వేరు కాబట్టి వేట వేరు. టాహోలో మాకినా పొట్ట కోస్తే చిన్నదానిలో మైసిస్, పెద్దదానిలో చేపలు, క్రేఫిష్ కనిపిస్తాయి. ఆ పొట్టే చెబుతుంది నెమ్మదిగా అంచు వెంట లాగాలో, ఒడ్డు రాళ్ల మీదుగా లాగాలో. లోతు పక్షం, పైనీటి పక్షం వాదించుకునేది ఒకే చేప గురించి కాదు, ఒకే సరస్సులో రెండు వేర్వేరు భోజనాల గురించి.

ఆ భోజనం ఇప్పటికీ మారుతోంది. 2011లో టాహోలోని ఎమరాల్డ్ బేలో మైసిస్ కుప్పకూలింది, డాఫ్నియా తిరిగొచ్చింది. పదేళ్ల తర్వాత సరస్సు మొత్తంలో మైసిస్ తగ్గింది. 2022 చివరి నెలల్లో నీరు 1980ల తర్వాత ఎన్నడూ లేనంత తేటబడింది. నీటిలోని సన్నటి కణాల్ని తిరిగొచ్చిన పురుగులు మేయడమే కారణమని యూసీ డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. పదేళ్ల కిందటి వేటగాడి నోట్‌బుక్ ఈ వసంతానికి పనికొస్తుందన్న హామీ లేదు.

పట్టిన చేపని ఏం చేయాలన్నది సరస్సుని బట్టి మారుతుంది. పెండ్ ఓరేలో ఐడాహో ఫిష్ అండ్ గేమ్ శాఖ లేక్ ట్రౌట్ తలకి డబ్బిచ్చి, 2006 నుంచి వలలతోనూ తీయించింది. దాంతో 2000లో మూసేసిన కోకనీ వేటని 2013లో మళ్లీ తెరవగలిగారు. ఫ్లాట్‌హెడ్‌లో సేలిష్, కూట్నీ తెగల ప్రభుత్వం వసంతంలో, శరత్తులో లేక్ ట్రౌట్ పోటీలు పెట్టి బహుమతులిస్తోంది. ఈ రెండు చోట్లా పట్టిన లేక్ ట్రౌట్‌ని వదలకపోవడమే సరస్సుకి మేలు. టాహోలో రోజుకి ఐదు ట్రౌట్లు, అందులో మాకినా రెండుకి మించకూడదు. నీటి మీద వేటాడేవారికి రెండు రాష్ట్రాల్లో ఏ లైసెన్సయినా చెల్లుతుంది. మాకినా పాతికేళ్లకు పైగా బతుకుతుంది, మెల్లగా ఎదుగుతుంది. మధ్యరకం చేప కూరకి రుచి. ముసలి చేప ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, పిల్లలకీ గర్భిణులకీ పెట్టేది కాదు. పెద్దదాన్ని వదిలేస్తామంటే వసంతమే అందుకు అనువు: పైనీరు చల్లగా ఉంటుంది కాబట్టి లోతు నుంచి వచ్చిన చేప తేరుకుని వెళ్తుంది. ఆగస్టు పైనీటి వేడిలో అంత తేలిగ్గా తేరుకోదు.

అదే చల్లదనం మనిషికి ప్రాణాంతకం. ఇంత చల్లటి నీటిలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది నిమిషాలు దాటితే చేతులు పనిచేయవు. ఈత వచ్చినవాళ్లూ ఒళ్లు చల్లబడకముందే మునిగిపోయేది అందుకే. టాహోలో మధ్యాహ్నానికి నైరుతి గాలి లేస్తుంది. 2025 జూన్ 21న ఒక్కసారిగా వచ్చిన తుఫానుగాలికి ఒక పడవ బోల్తాపడి ఎనిమిది మంది చనిపోయారు. అమెరికా సరస్సుల్లో మునిగిపోయిన తెలుగు పిల్లల వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. మధ్యాహ్నానికల్లా ఒడ్డు చేరాలి. సొంత పడవ తెచ్చుకునేవాళ్లు 2008 నుంచి తప్పనిసరైన తనిఖీ చేయించుకోవాలి. పడవ అడుగున అంటుకుని వచ్చే ఆల్చిప్పలు ఈ నీటిలో దిగితే మైసిస్ కథ ఇంకో రూపంలో మొదలవుతుంది.

వసంతపు ట్రోలర్ ముందు ఇంకొక కొత్త ప్రశ్న ఉంది. నెవాడా, యూటా సరిహద్దులోని పైలట్ పీక్ కొండ ఏటిలో 1970లలో కొన్ని కట్‌త్రోట్లు దొరికాయి. అవి పాత పిరమిడ్ సరస్సు సంతతేనని తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. 2006 నుంచి ఆ సంతతిని పిరమిడ్‌లో వదిలితే మళ్లీ 20 పౌండ్లు దాటి పెరిగాయి. ఇటీవలి ఏళ్లలో లాహోంటన్ జాతీయ హేచరీ వాటిని టాహోలోనూ వదులుతోంది. పక్కనే ఉన్న ఫాలెన్ లీఫ్ సరస్సులో చేసిన ఇదే ప్రయత్నానికి మాకినాలే పెద్ద అడ్డంకి అయ్యాయి, వదిలిన పిల్లల్ని తినేశాయి. టాహోలోనూ ఆ ప్రమాదం ఉంది. అయినా ఈ పని జరగాలని నేను కోరుకుంటాను. ఏప్రిల్‌లో ఒడ్డు రాళ్ల మీదుగా ఎర లాగేవాళ్లకి ఇకమీద రెయిన్‌బోతో పాటు కట్‌త్రోట్ కూడా తగలొచ్చు. దవడ కింద ఎర్రటి గీత ఉందేమో చూడాలి. ఉంటే చేపని నీటిలోంచి ఎత్తకుండా పక్క నుంచే కొక్కెం తీసి వదలాలి. ముల్లు లేని ఒంటి కొక్కేలు కట్టుకుంటే ఆ పని క్షణంలో అయిపోతుంది. మూడేసి ముళ్లున్న కొక్కేలని ఏప్రిల్‌లో ఒడ్డు నీటికి వాడకపోవడమే మంచిది, నిబంధన అడగకపోయినా సరే.